ధర్మమునకు ప్రమాణము: ఈశ్వరచంద్ర విద్యాసాగరుని జీవితమున శాస్త్రము, యుక్తి

ధర్మమును తెలిసికొనుటకు సాధనమేది అను ప్రశ్న భారతీయ చింతనలో అతిప్రాచీనమైనది. ధర్మము విధివాక్యముచేతనే తెలియదగినదని జైమిని నిర్ణయించెను. కుమారిలభట్టు శ్లోకవార్తికమున ఆ సూత్రమును సమర్థించుచు, పరులకు సుఖము కలిగించునది ధర్మము, దుఃఖము కలిగించునది అధర్మము అని అనుమానముచే నిర్ణయించుట పొసగదని వాదించెను. అట్లయినచో ఎవ్వరికిని మేలుగాని కీడుగాని కలిగింపని జపము ధర్మము కాకపోవలసి వచ్చునని ఆయన ఆక్షేపము. మనుస్మృతి వేదమునకు, స్మృతికి తోడు సదాచారమును, ఆత్మతుష్టిని ధర్మమూలములుగా పరిగణించెను. వేదమునకు విరుద్ధము కాని తర్కముతో పరిశీలించువాడే ధర్మము నెరుగునని పండ్రెండవ అధ్యాయమున నుడివెను. బృహస్పతి యుక్తిహీనమైన విచారమువలన ధర్మహాని కలుగునని హెచ్చరించెను. ఇట్లు శబ్దప్రమాణమునకు అగ్రస్థానమిచ్చిన సంప్రదాయమే యుక్తికిని కొంత చోటు నిలిపియుంచినది. ఆ చోటు ఎంతటిదను విషయమున మాత్రము ఏకాభిప్రాయము కుదరలేదు.

19వ శతాబ్దిలో ఈ ప్రశ్న పాఠశాలా వాదములను దాటి స్త్రీల జీవన్మరణములకు సంబంధించిన సమస్యయైనది. అప్పుడు దానిని స్వజీవితమున ఎదుర్కొన్న పండితులలో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు అగ్రగణ్యుడు. ఆయన ధర్మప్రమాణమును గూర్చి ప్రత్యేక గ్రంథము రచింపలేదు. అయినను 1850 నుండి 1891 వరకు ఆయన జరిపిన వాదములను కాలక్రమమున పరిశీలించినచో ఒక విషయము స్పష్టమగును. ఏది ధర్మమో నిర్ణయించుటకు ఆయన కరుణను, యుక్తిని ఆశ్రయించెను. ఆ నిర్ణయమును సమాజముచేత అంగీకరింపజేయుటకు శాస్త్రమును ఆశ్రయించెను. ఈ మార్గమువలన ఆయన సాధించినది చాల కలదు. చెల్లింపవలసి వచ్చిన మూల్యమును కలదు.

విద్యాసాగరుడు 1820 సెప్టెంబరు 26వ తేదీన వంగదేశమున వీరసింహ గ్రామములో జన్మించెను. ఆ గ్రామము నేటి పశ్చిమ మేదినీపుర మండలములో నున్నది. తండ్రి ఠాకూర్‌దాస్ బందోపాధ్యాయ కలకత్తాలో స్వల్పవేతనమునకు పనిచేయుచుండెడివాడు. తల్లి భగవతీదేవి. బాలుడు తండ్రితో కలకత్తాకు కాలినడకన పోవుచు, త్రోవలోని మైలురాళ్లను చూచి ఆంగ్ల అంకెలు నేర్చుకొనిన కథ వంగదేశమున ప్రతి బాలునకును తెలిసినదే. 1829లో ఆయన కలకత్తా సంస్కృత కళాశాలలో చేరి, పండ్రెండేండ్లు వ్యాకరణ కావ్యాలంకారములను, వేదాంత స్మృతి న్యాయ జ్యోతిషములను అభ్యసించెను. 1839లో ధర్మశాస్త్ర పరీక్షలో ఉత్తీర్ణుడైనప్పుడు ఇచ్చిన యోగ్యతాపత్రమున ఆయన పేరు విద్యాసాగర బిరుదముతో కనబడుచున్నది. 1841 డిసెంబరులో ఫోర్టు విలియం కళాశాలలో ప్రధాన పండితుడుగా నియుక్తుడై అచ్చట ఆంగ్లమును, హిందీని నేర్చెను. 1851 జనవరిలో సంస్కృత కళాశాలకు అధ్యక్షుడయ్యెను. అంతవరకు బ్రాహ్మణ వైద్య కులముల వారికి మాత్రమే ప్రవేశమున్న ఆ విద్యాలయమును అదే సంవత్సరమున కాయస్థులకును, 1854లో ఇతర హిందువులకును తెరచెను.

ఆయనకు పూర్వమే ఒక మార్గము ఏర్పడియుండెను. రామమోహన రాయలు 1803–04 ప్రాంతమున పారసీకమున రచించిన తుహ్‌ఫతుల్ మువహ్హిదీన్‌లో మతములన్నిటిని యుక్తిదృష్టితో విమర్శించెను. అట్టివాడు 1818లో సహగమనమును ఖండింప పూనుకొన్నప్పుడు మన్వాది స్మృతులనే ప్రమాణముగా గ్రహించెను. బ్రహ్మసమాజమున దేవేంద్రనాథ ఠాకూరు, అక్షయకుమార దత్తుల మధ్య వేదప్రామాణ్యమును గూర్చి దీర్ఘచర్చ జరిగి, 1850 ప్రాంతమున ఆ సమాజము వేదములు దోషరహితములను విశ్వాసమును విడిచిపెట్టెను. దత్తుడు సంపాదకుడుగా నున్న తత్త్వబోధినీ పత్రికతో విద్యాసాగరునకు సన్నిహిత సంబంధముండెను. అయినను ఆయన బ్రహ్మసమాజీయుల ధర్మప్రచారమున పాల్గొనలేదు. ఈశ్వరుని గూర్చి ఉపన్యసించుట ఆయన స్వభావమున లేదు.

1850లో సర్వశుభకరీ పత్రికలో బాల్యవివాహ దోషములను గూర్చి వెలువడిన వ్యాసము ఆయన సాంఘిక రచనలలో మొదటిది. అందు స్మృతివచన విచారము ప్రధానము కాదు. బాల్యవివాహమువలన శరీరమునకు, విద్యకు, దాంపత్యమునకు, సంతానమునకు కలుగు హాని, బాలవితంతువుల దుస్థితి మున్నగునవియే హేతువులు. కన్యాదానమునకు స్మృతులు చెప్పిన పుణ్యఫలముల యాశయే ఈ దురాచారమును పోషించుచున్నదని కూడ ఆ వ్యాసకర్త సూచించెను. కుమారిలుడు త్రోసిపుచ్చిన సుఖదుఃఖ విచారమే ఇచ్చట ధర్మనిర్ణయమునకు ఆధారమైనది. బాలురకై ఆయన రచించిన పాఠ్యగ్రంథములును ఇదే దృష్టిని తెలుపుచున్నవి. 1849 నాటి జీవనచరిత్‌లో కోపర్నికస్, గెలీలియో, న్యూటన్ మొదలగువారి చరిత్రములు కలవు. 1855లో వెలువడిన వర్ణపరిచయ్‌లో గోపాలుడను మంచిబాలుడును, రాఖాలుడను చెడ్డబాలుడును కనబడుదురు. నీతి అచ్చట శ్రమ, సత్యము, పెద్దలయెడ వినయము అను రూపముననే కలదు. పరలోకభయముపై నిలిచినది కాదు.

1853లో ఆయన తాత్త్వికాభిప్రాయము మరింత స్పష్టముగా బయటపడినది. కాశీ సంస్కృత కళాశాలాధ్యక్షుడగు జేమ్స్ బాలంటైన్ కలకత్తా కళాశాలను పరిశీలించి, ప్రాచ్య పాశ్చాత్య దర్శనముల సామ్యమును విద్యార్థులకు చూపవలెననియు, బర్‌క్లీ గ్రంథమును పాఠ్యముగా నుంచవలెననియు సూచించెను. విద్యాసాగరుడు ఆ సూచనను నిరాకరించెను. వేదాంత సాంఖ్యములు అసత్య దర్శనములనియు, పరిస్థితులనుబట్టి వానిని బోధింపక తప్పదు గనుక వానికి విరుగుడుగా దృఢమైన పాశ్చాత్య తత్త్వశాస్త్రమును చెప్పవలెననియు, బర్‌క్లీ వేదాంతమువంటి సిద్ధాంతమునకే చేరును గనుక ప్రయోజనము లేదనియు విద్యామండలికి వ్రాసెను. మిల్ రచించిన తర్కశాస్త్రమును బోధించుట ఆయనకు సమ్మతము. ఆ లేఖలోనే మరియొక ముఖ్యాంశము కలదు. శాస్త్రములన్నియు సర్వజ్ఞులైన ఋషులనుండి వెలువడినవి గనుక దోషరహితములని పండితులు నమ్ముదురనియు, ఏదేని నూతన సత్యమునకు శాస్త్రమున బీజము కనబడినచో వారికి ఆ సత్యముపై గౌరవము పెరుగుటకు మారు మూఢవిశ్వాసమే ఇనుమడించుననియు ఆయన అభిప్రాయపడెను.

ఇది వ్రాసిన రెండేండ్లలోపల, 1855 జనవరిలో, ఆ పండితుడే వితంతు వివాహము శాస్త్రసమ్మతమా యని ప్రశ్నించుచు ఒక లఘుగ్రంథము ప్రకటించి, పరాశరస్మృతి బలమున సమ్మతమేయని నిర్ణయించెను. బాలవితంతువు దుఃఖమును చూచిన తల్లి భగవతీదేవి, ఇట్టివారికి శాస్త్రమున ఉపాయమేదియు లేదా యని అడుగుట ఈ పరిశోధనకు ప్రేరకమైనదని జీవితచరిత్రకారులు చెప్పుదురు. కేవల యుక్తిచే వితంతు వివాహము కర్తవ్యమని నిరూపించినను దేశీయులు అంగీకరింపరనియు, శాస్త్రమున కర్తవ్యమని తేలినప్పుడే అంగీకరింతురనియు ఆ గ్రంథారంభముననే ఆయన ప్రకటించెను. కావున శాస్త్రాశ్రయణము ఆయన దాచిన తంత్రము కాదు. శ్రోత యేది ప్రమాణమని నమ్మునో దానితోనే వానిని ఒప్పింపవలెనను వాదన్యాయము అది.

ఆ వాదము మీమాంసా పద్ధతిలో సాగినది. పరాశరస్మృతి ప్రథమాధ్యాయము కృతయుగమునకు మనువును, త్రేతకు గౌతముని, ద్వాపరమునకు శంఖలిఖితులను, కలికి పరాశరుని ప్రమాణముగా పేర్కొన్నది. ఆ స్మృతి చతుర్థాధ్యాయమున భర్త జాడ తెలియకపోవుట, మరణించుట, సన్న్యసించుట, నపుంసకుడగుట, పతితుడగుట అను ఐదు ఆపదలలో స్త్రీకి అన్యభర్త విహితుడయ్యెను. భర్త మరణించిన స్త్రీకి వివాహము, బ్రహ్మచర్యము, సహగమనము అని మూడు మార్గములు అందు కలవు. వీనిలో సహగమనము 1829లో రాజశాసనముచే నిషిద్ధమైనది. కలియుగమున బ్రహ్మచర్యము దుష్కరము. కనుక వివాహమే శరణ్యమని ఆయన నిర్ణయము.

ప్రతివాదులు సామాన్యులు కారు. 14వ శతాబ్దిలో విజయనగరమున బుక్కరాయల కాలమునకు చెందిన మాధవాచార్యుడు పరాశరమాధవీయమున ఈ వచనమును యుగాంతర విషయముగా వ్యాఖ్యానించియుండెను. కలిధర్మములను చెప్పుటకే ప్రవృత్తమైన స్మృతిలోని వచనమును యుగాంతరమునకు తరలించుట ప్రకరణ విరుద్ధమని విద్యాసాగరుడు ప్రత్యుత్తరమిచ్చెను. ఆ వచనము వాగ్దత్తకు మాత్రమే వర్తించునని కొందరు వాదించిరి. నారదస్మృతిలో ఇదే వచనమునకు తరువాత సంతానవతికి, సంతానము లేనిదానికి వేర్వేరు నిరీక్షణకాలములు చెప్పబడినవి గనుక ఆ యర్థము పొసగదని ఆయన సమాధానము. కలివర్జ్య ప్రకరణమును చూపినవారికి స్మృతిపురాణ విరోధమున స్మృతియే బలీయమనియు, సామాన్య నిషేధముకంటె విశేషవిధి ప్రబలమనియు చెప్పెను. దేశాచారమును ముందుకు తెచ్చినవారికి, శాస్త్రమున విధి కనబడనిచోటనే ఆచారము ప్రమాణమగునని బదులిచ్చెను. ఖండనములకు సమాధానముగా రెండవ గ్రంథము 1855 అక్టోబరులో వెలువడినది. ఆ గ్రంథాంతమున శైలి మారినది. అంతవరకు నిస్తరంగముగా సాగిన వచనవిచారము విడిచి, దేశాచారమునకు దాసులై దయను, న్యాయాన్యాయ విచారమును కోల్పోయిన పురుషులను ఆయన నిందించెను; అట్టి దేశమున స్త్రీలు జన్మించుటయే దౌర్భాగ్యమని విలపించెను. వాదమునకు మూలమైన కరుణ అచ్చట ప్రత్యక్షమగుచున్నది.

1855 అక్టోబరు 4వ తేదీన 987 మంది సంతకములతో శాసనసభకు విజ్ఞాపనము పోయినది. రాధాకాంత దేవుని నాయకత్వమున దానికి ప్రతికూలముగా వెళ్లిన విజ్ఞాపనముపై ముప్పదివేలకు మించిన సంతకములుండెను. సంఖ్యాబలము శాస్త్రవాదము పక్షమున లేదు. అయినను జె.పి. గ్రాంట్ ప్రతిపాదించిన బిల్లు 1856 జూలై 26వ తేదీన 15వ చట్టమై, వితంతువుల పునర్వివాహమునకును అందువలన కలుగు సంతతికిని న్యాయబద్ధత నొసగినది. పునర్వివాహము చేసికొనిన స్త్రీకి మొదటిభర్త ఆస్తిపై నుండు హక్కులు మాత్రము ఆ చట్టముచే పోయినవి. అదే సంవత్సరము డిసెంబరు 7వ తేదీన కలకత్తాలో శ్రీశచంద్ర విద్యారత్నునకు, బాలవితంతువైన కాళీమతీదేవికి వివాహము జరిగెను.

చట్టము వచ్చినను పెండ్లిండ్లు విరివిగా జరుగలేదు. జరిగినవానికి వ్యయము చాలవరకు విద్యాసాగరుడే భరించి ఋణగ్రస్తుడయ్యెను. సాయము చేసెదమనిన ధనికులలో అనేకులు వెనుదీసిరి. ధనాశతో వితంతువులను వివాహమాడి పిదప విడిచినవారును ఉండిరి. శాస్త్రమున విధి కనబడినచో దేశీయులు అంగీకరింతురను ఆయన విశ్వాసము ఇట్లు భగ్నమైనది. శాస్త్రమును ఖండింపలేనివారును శాస్త్రమును అనుసరింపలేదు. వారిని నడిపినది ఆచారము. 1870లో తన ఏకైక పుత్రుడు నారాయణచంద్రుడు భవసుందరియను వితంతువును వివాహమాడినప్పుడు బంధువులు సంబంధము విడిచెదరని తమ్ముడు శంభుచంద్రుడు హెచ్చరించెను. తాను దేశాచారమునకు దాసుడు కాననియు, వితంతు వివాహ ప్రవర్తనమే తన జీవితమున చేసిన సత్కార్యములలో మిన్నయనియు విద్యాసాగరుడు తమ్మునికి వ్రాసెను. ఆ యుత్తరమున పరాశరుని ప్రసక్తికంటె కర్తవ్యబుద్ధియే ప్రధానము.

1871లో, 1873లో బహువివాహ నిషేధమునకై రెండు గ్రంథములు వెలువడినవి. కులీన బ్రాహ్మణులు పెక్కుమంది కన్యలను వివాహమాడి, వారిని పుట్టినిండ్లనే విడిచి, కట్నములకై తిరుగుచుండిన కాలమది. విద్యాసాగరుడు హుగ్లీ మండలమున గ్రామగ్రామమునందలి కులీనుల పేర్లను, వయస్సులను, వారి భార్యల సంఖ్యలను పట్టికగా ప్రకటించెను. ఇది ప్రత్యక్షప్రమాణము. దానితోపాటు శాస్త్రవాదమును నడపెను. వంధ్యాత్వాది నిమిత్తములు లేక సవర్ణ భార్య యుండగా మరల సవర్ణను వివాహమాడుట శాస్త్రవిహితము కాదనియు, కామ్యవివాహము అసవర్ణా విషయమనియు, అది కలియుగమున నిషిద్ధమనియు ఆయన సిద్ధాంతము. వాచస్పత్య నిఘంటుకర్తయగు తారానాథ తర్కవాచస్పతి సంస్కృతమున ప్రతివాదము రచించెను. వితంతు వివాహ విషయమున విద్యాసాగరునితో నిలిచిన పండితుడే ఇప్పుడు ప్రతివాదియయ్యెను. ఒకే వచనరాశినుండి ఇరువురు మహాపండితులు విరుద్ధసిద్ధాంతములు తీయగలిగిరి.

అంతకంటె తీవ్రమైన ఆక్షేపము మరియొక దిక్కునుండి వచ్చినది. బంకించంద్ర చటోపాధ్యాయుడు 1873లో వంగదర్శన పత్రికయందు ఈ గ్రంథమును విమర్శించెను. బహువివాహము దుష్టమని ఆయనయు అంగీకరించెను. కాని అది నీతివిరుద్ధమైనచో శాస్త్రముతో పనిలేదనియు, శాస్త్రమే ప్రమాణమైనచో దానిలో ఇష్టమైన భాగమును మాత్రము గ్రహించుట యుక్తము కాదనియు, శాస్త్రమున నమ్మకములేని మహమ్మదీయ ప్రజలకు ఈ వాదము వర్తింపదనియు ఆయన తాత్పర్యము. 1853లో విద్యాసాగరుడు పండితులపై చేసిన విమర్శ ఇట్లు వేరొకరి నోట తిరిగి ఆయనను చేరెను. ప్రభుత్వము బహువివాహ విషయమున శాసనము చేయుటకు అంగీకరింపలేదు.

చివరి పరీక్ష 1891లో వచ్చినది. బాలికల సమ్మతి వయస్సును పదేండ్లనుండి పండ్రెండేండ్లకు పెంచు బిల్లుపై ప్రభుత్వము ఆయన అభిప్రాయము కోరెను. ఫిబ్రవరి 16వ తేదీన ఇచ్చిన సమాధానమున ఆయన బిల్లును ఉన్నరూపమున సమర్థింపలేదు. పండ్రెండేండ్లకు ముందే రజస్వలయైన బాలిక విషయమున అది గర్భాధాన సంస్కారమునకు భంగము కలిగించునని ఆక్షేపించి, ప్రథమ రజోదర్శనమునకు పూర్వము భార్యాసంగమమును నేరముగా విధింపవలెనని ప్రతిపాదించెను. పెక్కుమంది బాలికలు పదుమూడు మొదలు పదునైదేండ్ల నడుమ రజస్వలలగుదురు గనుక తన ప్రతిపాదనమువలననే అధికసంఖ్యాకులకు రక్షణ కలుగునని ఆయన గణన. శాస్త్రమును మీరక దయను విస్తరింపజేయు యత్నమిది. అయినను 1850లో బాల్యవివాహమునే యుక్తిచే ఖండించినవాడు, గర్భాధాన సంస్కారమును హద్దుగా అంగీకరింపవలసి వచ్చుట గమనింపదగినది. శాస్త్రమును న్యాయస్థానముగా ఒకమారు అంగీకరించినవాడు ఆ న్యాయస్థానపు ప్రతికూలనిర్ణయములకును కొంత కట్టువడక తప్పదు. బిల్లు ఆ సంవత్సరము మార్చిలో చట్టమైనది. విద్యాసాగరుడు జూలై 29వ తేదీన కలకత్తాలో పరమపదించెను.

ఆయన శాస్త్రవాదము కేవలము వ్యూహమని కొట్టివేయుట సరికాదు. వచనమును వక్రీకరింపక, పూర్వపక్షమును దాచక, మీమాంసాన్యాయములతోనే ఆయన నిర్ణయించెను. అట్లని శాస్త్రమే ఆయనను కార్యోన్ముఖుని చేసినదనుటయు సరికాదు. 1857 నవంబరు, 1858 మే నెలల నడుమ వంగదేశ గ్రామములలో 35 బాలికా పాఠశాలలు స్థాపించినప్పుడును, 1866 క్షామమున వీరసింహలో అన్నసత్రము నడపినప్పుడును, కార్మాటాడ్‌లో సంతాలులకు స్వయముగా ఔషధములిచ్చినప్పుడును ఆయన ఏ స్మృతివచనముకొరకును వేచియుండలేదు. పరాశరుని వచనము శతాబ్దములుగా స్మృతిలో నున్నదే. దానిని వెదకించినది కరుణ; నిలబెట్టినది యుక్తి; సభలో మాటాడించినది శాస్త్రము. మూడును కలిసినను ఆచారమును పూర్తిగా కదల్పజాలకపోయినవి.

ఆంధ్రదేశమున ఈ సమస్య కందుకూరి వీరేశలింగము పంతులుగారి కార్యరంగమున పునరావృత్తమైనది. దక్షిణదేశ విద్యాసాగరుడని ప్రసిద్ధిగాంచిన పంతులుగారు 1879లో రాజమహేంద్రవరమున వితంతు వివాహమును గూర్చి ఉపన్యసించినప్పుడు పండితులతో శాస్త్రచర్చ తప్పలేదు. పరాశరవచనము గోదావరీతీరమునను వాదవిషయమైనది. 1881 డిసెంబరు 11వ తేదీన ఆ పట్టణమున తొలి వితంతు వివాహము జరిగినప్పుడు ఎదురైనది కూడ వచనవిరోధముకంటె సంఘబహిష్కారమే. మాధవాచార్యుడు యుగాంతరమునకు పంపిన వచనము ఇట్లు కలకత్తానుండి రాజమహేంద్రవరమువరకు మరల విచారణకు వచ్చినది. వచనము మారలేదు, దానిని చదివినవారి హృదయము మారినది.